పెరటి మొక్క, ఊరి అడవి

తన పెరటిలో తాను నాటుకొన్న మొక్కను పెరికివేయుమని చెప్పు అధికారము ఎవరికి కలదు? ఈ ప్రశ్న మొదట చిన్నదిగా, కొంత హాస్యాస్పదముగా కూడ తోచవచ్చును. కాని ధర్మవిచారమునకు పెద్ద విషయములే కావలెనను నియమము లేదు. తన సొత్తు అను మాటకు హద్దు ఎక్కడ? తాను తలపెట్టని అపకారము తన వస్తువు మూలముగా జరిగినప్పుడు బాధ్యత ఎవరిది? పదిమంది మేలు కొరకు ఒకని ఇష్టమును త్రోసివేయవచ్చునా? ఈ ప్రశ్నలన్నియు ఆ చిన్న మొక్క వేళ్ళనే పట్టుకొని ఉన్నవి. వానిని ఊరక తర్కించుట కంటె, అవి నిజముగా ఎదురైన ఒక చోటును చూచుట మేలు.

ఆస్ట్రేలియాకు తూర్పున, టాస్మన్ సముద్రములో, పోర్ట్ మక్వారీ పట్టణమునకు సుమారు 600 కిలోమీటర్ల దూరమున లార్డ్ హౌ అను ద్వీపము కలదు. విస్తీర్ణము 1,455 హెక్టారులు. అనగా మన లెక్కలో దాదాపు 3,600 ఎకరములు. మన మెట్ట ప్రాంతములలో ఇంతకంటె ఎక్కువ భూమిగల గ్రామములు ఎన్నియో కలవు. దక్షిణపు కొసన రెండు కొండలు. వానిలో పెద్దదైన గోవర్ ఎత్తు 875 మీటర్లు. 1788లో నావికులు కనుగొనునంతవరకు అక్కడ మనుష్యుడు వసించిన జాడ లేదు. 1834లో కొందరు కాపురమునకు వచ్చిరి. నేడు నివాసుల సంఖ్య నాలుగు వందలకు అటునిటుగా నున్నది. యాత్రికులను సైతము ఒక సమయమున నాలుగు వందలకు మించి రానీయరు. అక్కడ సహజముగా పెరుగు సుమారు 240 జాతుల మొక్కలలో సగమునకు దగ్గరగా భూలోకమున మరెక్కడను పుట్టవు. ఆ కారణముననే 1982లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

కాపురమునకు వచ్చినవారు వట్టి చేతులతో రాలేదు. మనము క్రొత్త ఇల్లు కట్టుకొన్నప్పుడు పుట్టినింటి నుండి మల్లెతీగ కొమ్మను తెచ్చి నాటుకొనుటలేదా? వారును అట్లే తెచ్చుకొనిరి. తినుటకు ఎర్రని చిన్న పండ్లు కాయు ఒక జామ. చూచుటకు మన పిల్లిపీచర కుటుంబమునకే చెందిన, తొట్లలో వ్రేలాడదీయదగిన ముచ్చటైన మొక్క. నీడకును సువాసనకును పిట్టోస్పోరం అను తెల్లపూల చెట్టు. వీనిని తెచ్చుటలో ఎవరికిని దురుద్దేశము లేదు. పండ్లను పక్షులు తినినవి. గింజలను అడవిలో విడిచినవి. పిల్లిపీచర వంటి ఆ మొక్క తాటిజాతి చెట్ల క్రింద నేలపై దట్టముగా అల్లుకొని, క్రింద రాలిన స్థానిక విత్తనము మొలచుటకు చోటు లేకుండ చేసినది. జామ తోపులుగా పెరిగి తన నీడలో మరి దేనిని బ్రతుకనీయలేదు. పై చెట్లు నిలిచియే యుండును గనుక చూపరికి అడవి పచ్చగానే కనబడును. కాని వృద్ధులు తప్ప పిల్లలు లేని ఇల్లు వలె, ఆ అడవికి తరువాతి తరము లేదు.

2004లో అచ్చటి పాలకమండలి ఈ కలుపు జాతులను అదుపులో ఉంచుటతో తృప్తిపడక, సమూలముగా తొలగింప పూనుకొన్నది. ముప్పది సంవత్సరముల పని అని అంచనా వేసిరి. ద్వీపమంతటిని ఖండములుగా విభజించి, పనివారు వరుసగా నిలిచి, ఒకరి చూపు మరొకరి చూపును అందుకొనునట్లు నడచుచు, కనబడిన ప్రతి మొక్కను పెరుకుదురు. పెరికిన చోటికే మరల సుమారు రెండేండ్లకు వత్తురు; ఏలయన భూమిలో మిగిలిన గింజ మొలచి, పెరిగి, తాను కాయలు కాయుటకు ముందే దానిని పట్టుకొనవలెను. నిట్టనిలువు కొండచరియలపై త్రాళ్ళతోను, హెలికాప్టరుతోను దిగుదురు. మొదటి పది సంవత్సరములలోనే ఇరువది లక్షలకు పైగా మొక్కలను తొలగించిరి. ఈ పనికై తమ సొమ్ము వెచ్చించుకొని అక్కడకు వచ్చి, సెలవు దినములను కలుపు తీయుటలో గడుపు యాత్రికులును కలరు. మన రైతు కూలీలు వినినచో నవ్వుదురేమో!

ఇంతవరకు ఇది శ్రమకు, ధనమునకు సంబంధించిన విషయము. ధర్మసంకటము అడవిలో లేదు. అది ఇండ్ల మధ్య ఉన్నది. కొండపై వేయి మొక్కలు పెరికిన తరువాత, క్రింద ఒక పెరటిలో ఒక పొద కాయలతో నిలిచియున్నచో పక్షి మరల మొదటి నుండి ఆరంభించును. అనగా నాలుగు వందలమందిలో ఏ ఒక్క గృహస్థుడైనను, నోరు విప్పి కాదనకయే, తలుపు మూసికొని ఊరకుండుట చేతనే, మిగిలినవారి ముప్పది ఏండ్ల శ్రమను వ్యర్థము చేయగలడు. సాధారణముగా సంఘములో ఒకడు తన వంతు చేయనిచో తక్కినవారు కొంత ఎక్కువ చేసి ఆ లోటు పూరింతురు. చెరువు పూడిక తీయునప్పుడు పదిమంది రాకున్నను తొంబదిమంది తీసిన మేరకు నీరు నిలుచును. ఇచ్చట అట్లు కాదు. తొంబదితొమ్మిది పాళ్ళ పనికి తొంబదితొమ్మిది పాళ్ళ ఫలము రాదు. మిగిలిన ఆ ఒక్క పాలు తక్కినదానినంతటిని తినివేయును. ఇట్టి పనులు లోకములో అరుదు. మన నీతిశాస్త్రములు కూడ వీనిని వేరుగా విచారించినట్లు కనబడదు.

గలాపగోస్ ద్వీపములలో జరిగినది ఇందుకు నిదర్శనము. అచ్చట పరాయి మొక్కలను నిర్మూలించుటకు 30 ప్రయత్నములు చేయగా, నాలుగు మాత్రమే సఫలమైనవి. విఫలమగుటకు మొక్కల మొండితనము ఒక్కటే హేతువు కాదు. సంస్థలు పనిని చివరివరకు సాగింపకపోవుట, భూయజమానులు తమ నేలలోనికి రానీయకపోవుట కూడ హేతువులని ఆ పనిచేసినవారే వ్రాసిరి. విత్తనము యొక్క ఆయుర్దాయమును లెక్కించిరి గాని పొరుగువాని మనస్సును లెక్కింపలేదన్నమాట.

లార్డ్ హౌలో చట్టమునకు కొదువ లేదు. నేల ప్రభుత్వముది, నివాసులది శాశ్వతపు కౌలు. 1953 నాటి చట్టము క్రింద ఏర్పడిన పాలకమండలిలో ద్వీపవాసులు ఎన్నుకొన్న సభ్యులును కూర్చుందురు. కావున ‘ఈ మొక్కను తీసివేయుడు’ అని ఆజ్ఞాపించుట సాధ్యమే. ఐనను ఆజ్ఞ ఒక్కసారి చేయించు పనికి చాలును గాని, ముప్పది ఏండ్ల మెలకువకు చాలదు. గోడ ప్రక్క, నీటితొట్టి వెనుక, వ్రేలెడు మొలకను ఎవరు చూతురు? తనిఖీ అధికారి ఏడాదికి ఒకమారు వచ్చును. ఇంటి ఇల్లాలు దినమునకు నాలుగుమార్లు ఆ త్రోవన నడచును. ఫలానా పూలమొక్క అంటు ఎవరింటి నుండి ఎవరింటికి పోయినదో, పాడుపడిన ఏ ఇంటి స్థలములో ఒకప్పుడు తోట ఉండెడిదో ముసలివారికి జ్ఞాపకముండును గాని ఏ దస్త్రములోను ఉండదు. ఆజ్ఞకు భయపడినవాడు చూపిన మొక్కను పెరుకును, చూపని దానిని దాచును. తనది అనుకొన్నవాడు మాత్రమే దాచిన చోటును చూపును.

సమ్మతి విషయములో ఆ ద్వీపవాసులే మరొక సందర్భమున కఠినమైన పరీక్షకు లోనైరి. 1918లో మకాంబో అను ఓడ ఒడ్డునకు తగిలినప్పుడు ఎలుకలు దిగినవి. కొన్ని పక్షిజాతులు వాని వాత బడి నశించినవి. ఎలుకలను విషపు ఎరతో నిర్మూలింపవలెనా అని 2015లో జనాభిప్రాయము అడుగగా నూటికి 52 మంది ఔననిరి, 48 మంది కాదనిరి. లెక్క ప్రకారము అది గెలుపే. కాని ప్రతి ఇంటిలోను ఎర పెట్టవలసిన పనికి 52 అను సంఖ్య ఎంతటి బలము? పిల్లలు ఆడుకొను ముంగిట విషము పెట్టవద్దన్న తల్లి మాటను, ఓట్ల సంఖ్య తక్కువైనందున మాత్రమే అసత్యమని ఎట్లందుము? 2019లో ఆ పని జరిగినది. 2021లో మరల ఎలుకలు కనబడగా మరల శ్రమించిరి. 1980 ప్రాంతమున ముప్పదికి లోపు మిగిలిన, ఎగురలేని అడవికోడి ఇప్పుడు వేయి దాటినది. ఫలము మంచిదే. ఐనను మంచి ఫలము ముందటి బలవంతమును వెనుకకు పోయి న్యాయము చేయజాలదని నా అభిప్రాయము. ఓటు నిర్ణయమును ఇచ్చును. సమ్మతిని ఒక్కొక్క గుమ్మము వద్ద వేరుగా సంపాదింపవలెను. అది ఆలస్యమగును. ఆలస్యము కూడ ఖర్చులో చేర్చవలసినదే.

ఇక ఒక ఆక్షేపణ. ‘పరాయి మొక్క’ అని ద్వేషించుట సబబా, ఆ ద్వీపమున మనుష్యులందరును పరాయివారే కదా అని కొందరు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1834కు పూర్వము అక్కడ ఎవ్వరును లేరు. పైగా ఆ ద్వీపపు కెంటియా అను తాటిజాతి మొక్కను పందొమ్మిదవ శతాబ్దము నుండి వారే దేశదేశములకు ఎగుమతి చేసి జీవించుచున్నారు. నేడది లోకమందలి హోటళ్ళలోను, ఇండ్లలోను కుండీలలో నిలిచియున్నది. కావున పుట్టుకను బట్టి మొక్కను నిందించుటకు వారికి హక్కు లేదు, మనకును లేదు. కాని ఆ కార్యక్రమము చేయునది అది కాదు. కూరగాయలను, పండ్లచెట్లను, హద్దు దాటని పూలమొక్కలను ఎవరును ముట్టుకొనుట లేదు. జాబితాకెక్కినవి కంచె దాటి ఇతరుల బ్రతుకును ఆక్రమించు జాతులు మాత్రమే. విచారింపవలసినది పుట్టుక కాదు, నడవడి. పుట్టుకను బట్టి హెచ్చుతగ్గులెంచరాదని నమ్మువారికి ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు.

అట్లని మొక్క దోషియు కాదు. గింజను మొలచుట దాని స్వభావము. అందుచేత పెరుకునప్పుడు కోపము అక్కరలేదు. కొంత విచారముండుట కూడ తప్పు కాదు. అవ్వ నాటిన చెట్టును కొట్టివేయమనినప్పుడు మనుమని కన్ను చెమర్చినచో దానిని మూఢత్వమని అధికారులు నవ్వరాదు. పోయినది ఒక కలుపు మొక్క మాత్రమే కాదు, ఒక జ్ఞాపకము కూడ. పెరికిన చోట మరొక మొక్క నాటి ఇచ్చుట, ఏల పెరుకుచున్నారో కూర్చుండి చెప్పుట, ఇవి మర్యాదలు కావు. ఆ పనిలో భాగములు.

మన దేశమున ఇట్టి కథలు లేకపోలేదు. గుర్రపుడెక్కను పూవు అందమునకు తెచ్చిరి. అది నేడు కొల్లేటిని, మన కాలువలను కప్పుచున్నది. సర్కారు తుమ్మ పేరులోనే దానిని నాటించినవారి గుర్తు మిగిలినది. మన జనము నాటినవారికి పేరు పెట్టిరి గాని, పెరుకవలసినవారు ఎవరో చెప్పలేదు! చెరువుగట్టు సర్కారుది, తుమ్మ సర్కారుది, కనుక కొట్టవలసినదియు సర్కారే అని ఊరు ఊరంతయు కూర్చున్నది. లార్డ్ హౌలోను నేల సర్కారుదే. జీతమిచ్చి పనివారిని పెట్టినదియు సర్కారే. అందుచేత నివాసి తన చేయి కడుగుకొనవచ్చునా? జీతగాడు అడవిని శుభ్రపరుపగలడు. గృహస్థుని చూపును అతడు అద్దెకు తేలేడు. కూలికి చేయించు పనికిని కాయకమునకును గల భేదము ఇచ్చటనే తెలియును.

2016లో జామ, నేరేడు కుటుంబపు చెట్లకు పట్టు ఒక తుప్పుతెగులు ఆ ద్వీపమున మొదట కనబడినది. ఇండ్ల పెరళ్ళలోని పరదేశపు మొక్కలపై. వానిని తీసివేసి తెగులును తొలగించిరి. 2023లో అది మరల వచ్చినది. ఈసారి అడవిలోనికి యాత్రికులు పోకుండ కొంతకాలము దారులు మూసిరి. ముప్పది ఏండ్ల గడువు 2034తో ముగియును. 2004లో పుట్టిన అచ్చటి పిల్లలు అప్పటికి ముప్పది ఏండ్లవారై, తమ పెరటి గోడల ప్రక్కన వంగి చూచుచుందురు.