గట్టు క్రింది నీరు ఎవరిది?



కొన్ని సంవత్సరముల క్రిందట అనంతపురము జిల్లాలో మా సంఘ సహోదరుడొకడు కరవునకు తాళలేక అప్పు చేసి ఆరు వందల అడుగుల బోరు వేయించెను. నీళ్ళు పడెను. నేను పోయి ప్రార్థన చేసితిని. అతడు కృతజ్ఞతార్పణ తెచ్చెను. మరుసటి వేసవిలో గట్టునకు ఆవలనున్న విధవరాలి బావి ఎండిపోయెను. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, వాళ్ళకు నీళ్ళిచ్చింది దేవుడైతే, నా బావిలోవి తీసుకొన్నది ఎవరు?" అని అడిగెను. నాకు నోట మాట రాలేదు.

ఆ సహోదరుడు దొంగ కాడు. తన చేనిలో, తన పిల్లల అన్నము కొరకే బోరు వేసికొనెను. అయితే మన సీమలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నేల క్రింద నున్నది రాయి. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన వాన నీరే బావులకును బోరులకును ఆధారము. ఆ పగుళ్ళు మన సర్వే రాళ్ళను ఎరుగవు. ఒకడు లోతుగా తోడినయెడల పొరుగువాని ఊట తగ్గును. పొరుగువాడు ఇంకను లోతుగా వేయించును. తుదకు ఇద్దరును అప్పులపాలగుదురు.

కరవునకు ముందుగా జాగ్రత్తపడుట అవిశ్వాసము కాదు. యోసేపు సమృద్ధిగల యేడు సంవత్సరములలో ధాన్యము కూర్చెను గాని తన యింటికి మాత్రమే కూర్చుకొనలేదు. 2000–2010 మధ్య, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, మన జిల్లాతో కూడ ఏడు కరవు జిల్లాల రైతులు వానను, బావుల నీటిమట్టమును తామే కొలిచిరి. రబీకి ముందు కూడి కూర్చుండి, ఉన్న నీటిని లెక్క కట్టి, దానికి తగిన పైరు లెంచుకొనిరి. వరికి పట్టు నీటిలో సుమారు మూడవ వంతు కొర్రకు చాలును. వేరుసెనగ నడుమ కంది సాళ్ళు వేసినయెడల, వాన తప్పినను ఒకటైనను దక్కవచ్చును.

గెరారులో బావుల కొరకు జగడము పుట్టగా ఇస్సాకు రెంటిని విడిచి ముందుకు సాగెను. మూడవదానికి రహెబోతు, అనగా ఎడము, అని పేరు పెట్టెను. అతనికి ముందుకు పోవుటకు చోటుండెను. రెండెకరముల రైతుకు ఆ చోటు లేదు. ప్రక్కనున్న పొరుగువానితోనే ఆ యెడము చేసికొనవలెను.

నేను ఆ సహోదరుని యింటికి పోయి ఆమె ప్రశ్నను చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడలేదు. ఆ యేడు వరి మాని కొర్ర విత్తెను. ఆమె కంది పూతకు వచ్చినప్పుడు గట్టు మీదుగా పైపు వేసి రెండు తడులిచ్చెను. ఆమె బావి నేటికిని నిండలేదు. ఇప్పుడు నన్నెవరైన బోరుయొద్ద ప్రార్థనకు పిలిచినయెడల, గట్టునకు ఆవల ఎవరి బావి యున్నదని ముందుగా అడుగుచున్నాను.

ఆ ప్రశ్నను తప్పించుకొనని మనస్సును ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక.