ఆ గదిలో ఉన్న ముగ్గురు

వాక్య భాగం: మార్కు 5:35–43
ధ్యాన వాక్యం: సామెతలు 11:13

యాయీరు ఇల్లు ఆ రోజు జనంతో కిక్కిరిసి ఉంది. అతని పన్నెండేళ్ల కూతురు చనిపోయిందన్న కబురు అప్పటికే ఊరంతా పాకింది. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, చూడవచ్చినవాళ్లు గుమిగూడారు. పిల్ల చనిపోలేదని ప్రభువు అంటే అపహసించారు కూడా. ఆయన వాళ్లందరినీ బయటికి పంపేశాడు. పిల్ల దగ్గరికి వెళ్లింది తల్లి, తండ్రి, ఆయన వెంట వచ్చిన పేతురు, యాకోబు, యోహాను మాత్రమే. పిల్ల లేచి నడిచింది. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వొద్దని ప్రభువు గట్టిగా చెప్పాడు. పిల్లకు ఏమైనా తినిపించమన్నాడు.

ఆ ముగ్గురు శిష్యుల సంగతి ఆలోచించండి. వాళ్లు వైద్యులు కారు, ఆ ఇంటి చుట్టాలూ కారు. ఆ గదిలో వాళ్లు ఏం చేశారో సువార్త ఒక్క ముక్క కూడా చెప్పదు. ప్రభువు రమ్మన్నాడు, వెళ్లారు, చూశారు. వాళ్లు చూసింది నోరు కట్టుకుని ఉండగలిగే సంగతేనా? అయినా వాళ్లకు అందిన ఆజ్ఞ మౌనంగా ఉండమనే. తర్వాతి కాలంలో ఆ అద్భుతం సువార్తలోకి ఎక్కింది. తండ్రి పేరును మార్కు, లూకా రాశారు. ఆ పిల్ల పేరు మాత్రం ఏ సువార్తలోనూ లేదు.

ఆసుపత్రి సేవకు వెళ్లే మనం కూడా ఆ ముగ్గురి స్థానంలోనే ఉంటాం. ఆదివారం ఆరాధన అయ్యాక పండ్లు, బ్రెడ్డు పంచడానికి వార్డులోకి వెళ్తాం. వీల్‌చైరు తోస్తాం. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడతాం. స్కానింగ్ గది ఎక్కడో తెలియని పెద్దమ్మను వెంటబెట్టుకుని తీసుకెళ్తాం. ఆ తిరుగుడులో రిపోర్టులు మన చేతికి వస్తాయి, జబ్బు పేరు కంటపడుతుంది. మంచం పక్కన కాసేపు కూర్చుంటే చాలు, కన్నబిడ్డలకు కూడా చెప్పుకోని బాధ ఆమె మనకు చెప్పేస్తుంది. అడిగి తెలుసుకున్నా, అడక్కుండానే తెలిసినా ఆ సంగతి ఆమెదే. తన దగ్గరికి వచ్చిన మాటను తన దగ్గరే ఉంచుకునేవాడే నమ్మకస్థుడని సామెతల గ్రంథం మనకు నేర్పుతుంది.

విశ్వాసులు తరచుగా జారిపడేది ప్రార్థన మనవి దగ్గరే. వార్డు నుంచి ఇల్లు చేరకముందే సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. "ప్రార్థన మనవి. స్టేషన్ రోడ్డులో టైలరింగ్ షాపు ఆంటీ గారి చిన్న కోడలు ఆసుపత్రిలో ఉంది. గర్భం నిలవలేదు, ఇది రెండోసారి. అందరూ భారంతో ప్రార్థించండి." దాని కింద ఒక ఫోటో. మంచం మీద కేస్ షీటు తెరిచే ఉంది, వేళ్లతో పెద్దది చేసుకుంటే అక్షరాలన్నీ చదవొచ్చు. పంపినామె మనసులో కల్మషం లేదు. పేరు కూడా రాయలేదు. కానీ పేరు తప్ప అన్నీ రాసింది. సాయంత్రానికి వీధి వీధంతా ఆ కోడలి మాటే.

జబ్బు సంగతి బయటపడితే మనిషి ఏమేం పోగొట్టుకుంటాడో మనకు తెలియనిది కాదు. ఇంటివాళ్లే దూరం పెట్టిన కుష్ఠు రోగులను డిచ్‌పల్లిలోను, సాలూరులోను మిషనరీల ఆసుపత్రులు చేరదీశాయి. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలు మన దేశ చట్టాల్లో 2019 దాకా ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవారు నమ్మి చెప్పుకున్న సంగతిని వారి సమ్మతి లేకుండా, చట్టం అనుమతించిన సందర్భాల్లో తప్ప, ఎవరూ వెల్లడించకూడదని 2017లో పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. లోకపు చట్టమే అంత జాగ్రత్త అడుగుతుంటే, ప్రభువు పేరు చెప్పుకుని వార్డులో అడుగుపెట్టే మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

అలాగని వైద్యం చేసేవాళ్ల దగ్గర దాచకూడదు. బతకాలని లేదని రోగి అన్నా, మాత్రలు మింగకుండా దిండు కింద పెడుతున్నా, పసిబిడ్డను ఎవరో కొడుతున్నట్టు తెలిసినా, ఆ క్షణమే డ్యూటీలో ఉన్న నర్సుకో డాక్టరుకో చెప్పాలి. అది గుట్టు రట్టు చేయడం కాదు, ప్రాణం కాపాడడం. యాయీరు ఇంట్లో కూడా ఉండాల్సినవాళ్లు లోపలే ఉన్నారు.

మరి విన్న బాధ మన గుండెల్లో కూర్చుని నిద్ర పట్టనివ్వకపోతే? ఆ బరువు మోయలేకే చాలామంది ఇంకొకరి చెవిన వేస్తారు. ప్రభువు చెవిన వేయండి. పేరు, జబ్బు, మంచం నంబరు అన్నీ చెప్పుకోండి, అక్కడినుంచి అది ఇంకెక్కడికీ పొక్కదు. సంఘమంతా కలిసి ప్రార్థిస్తే బాగుండుననిపిస్తే ముందు ఆ రోగినే అడగండి. "అమ్మా, మా ప్రార్థనలో మీ సంగతి చెప్పమంటారా? ఎంతవరకు చెప్పమంటారు?" వద్దంటే, జబ్బుతో ఉన్న ఒకరి కోసం ప్రార్థిద్దామంటే సరిపోతుంది. ఎవరి కోసం అడుగుతున్నామో దేవునికి తెలుసు.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, రోగుల మంచం దగ్గరికి మమ్మల్ని నడిపించినందుకు స్తోత్రం. వాళ్లు మమ్మల్ని నమ్మి చెప్పుకున్న మాటలకు మా పెదవుల దగ్గర కావలి ఉంచు. చెప్పాల్సినచోట చెప్పే ధైర్యాన్ని, చెప్పకూడనిచోట ఆగే నిగ్రహాన్ని దయచేయి. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

నేటి తీర్మానం: మీ ఫోనులో రోగుల ఫోటోలు, రిపోర్టులు ఉంటే ఈ రోజే తీసేయండి. ఇకమీదట రోగి సరే అన్నంతవరకే సంఘంలో చెప్పండి, మిగతాదంతా మోకాళ్ల మీద చెప్పుకోండి.