ఆహారశుద్ధి - వాగు నీరు

శాకాహారి అహింసాపరుడని లోకము నమ్ముచున్నది. కొంతవరకు నిజమే. బసవేశ్వరుని బోధకు భూతదయయే పునాది. ఇష్టలింగమునకు అర్పింపనిదానిని భక్తుడు నోట పెట్టడు. కనుక అర్పణకు తగినదేదో ముందుగా విచారించును. ఆ విచారణ మాంసము కడనే ఆగిపోవలెనా?

ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగునని ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయము చెప్పుచున్నది. ఇచట ఆహారమనగా ఇంద్రియములు గ్రహించు విషయమని శంకరుల వ్యాఖ్య. రామానుజులు తిను అన్నమునే గ్రహించి జాతి, ఆశ్రయ, నిమిత్తములను మూడు దోషములను చెప్పిరి. పదార్థమునకు పుట్టుకతో వచ్చునది జాతిదోషము. వెంట్రుక, మట్టి పడుటచే మంచి అన్నమునకు అంటునది నిమిత్తదోషము. ఇల్లాలు బియ్యములో రాళ్లు ఏరుట దీనికొరకే. మొదటిదానిపై మనవారికి గల పట్టుదల మూడవదానిపై కానరాదు.

పటాన్‌చెరులో 1972 నుండి ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగలపై పరిశోధన చేయుచున్నది. జొన్నలో కొరతపడు లైసీను కందిపప్పులో సమృద్ధిగా కలదు. పెద్దలకు ఆ పేరు తెలియదు. జొన్నరొట్టెకు పప్పు జతయని మాత్రము తెలియును. అంతటి మేలైన భోజనమునకును నీరే ఆధారము. అదే ప్రాంతమున పరిశ్రమల మురుగు నక్కవాగున పడి మంజీరలో కలిసినది. పొలములు, బావులు చెడినవి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరినది. శుద్ధిచేసి విడిచిన నీటిలో సైతము సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు వాడు రోగి రక్తములో ఉండుదానికంటె ఇది అధికము. అట్టి నీటిలో సూక్ష్మక్రిములు మందునకు లొంగని శక్తిని పొందును.

మనుస్మృతి పశువధ పాపమును కసాయి ఒక్కనిపై మోపలేదు. అనుమతించినవాని నుండి భుజించినవాని వరకు ఎనిమిదిమందికి పంచినది. ఆ లెక్క వాగునకు వర్తింపదా? మురుగును విడువుమన్నవాడు, విడిచినవాడు, చూచి ఊరకున్నవాడు, లాభము పంచుకొన్నవాడు ఎవరి వంతునుండి తప్పించుకొందురు?

రాత్రివేళ దొంగచాటుగా మురుగు విడుచు ఉద్యోగి యొకడు కలడనుకొందము. తెల్లవారి లింగార్చన చేసి పప్పన్నము తినును. అతని కంచమున మాంసము లేదు. ఆ అన్నము మాత్రము అతని కాయకమునుండి వచ్చినది. ఉద్యోగము మానుమని చెప్పుట సులభమే. పిల్లలుగలవానికి వినుట కష్టము. అందుచేత ప్రశ్న అతనిని ఒక్కనినే అడుగుట న్యాయము కాదు. ఆ జీతమునుండి కానుక స్వీకరించు మఠమును, దాసోహపు పంక్తిలో కూర్చుండువారును దానికి ఉత్తరము చెప్పవలసియున్నారు.