ఒకే బిడ్డ, రెండు రుజువులు

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం శిబిరంలో డాక్టర్ల ముందు కూర్చున్న తల్లి, ఆటిజం ఉన్న తన కొడుక్కి ఏమేం చేతకాదో చెప్పుకోవాలి. చొక్కా గుండీలు పెట్టుకోలేడు, తోటిపిల్లలతో కలవడు, చప్పుడు ఎక్కువైతే చెవులు మూసుకుని ఏడుస్తాడు, ఏం కావాలో నోటితో అడగలేడు. చెప్పింది తక్కువైతే శాతం తగ్గుతుంది. 40కి లోపు పడితే కొన్ని హక్కులు అక్కడే ఆగిపోతాయి. కొన్నాళ్లకు అదే తల్లి అదే కొడుకు చెయ్యి పట్టుకుని హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోనో, పక్కన ఖాజాగూడలోనో ఒక బడి ఆఫీసు గదిలో కూర్చుంటుంది. ఇక్కడ వాడికి ఏమేం వచ్చో చెప్పుకోవాలి. అంకెలన్నీ గుర్తుపడతాడు, చెప్పింది అర్థం చేసుకుంటాడు, ఎవర్నీ కొట్టడు, ఒకచోట కూర్చోగలడు. ఇక్కడ తక్కువ చెబితే సీటు రాదు. ఆమె రెండుచోట్లా అబద్ధమాడలేదు. ఏ గదిలో ఏ నిజం బయటికి తీయాలో, ఏ నిజం సంచిలో దాచాలో మాత్రం నేర్చుకోవలసి వచ్చింది.

రెండు గదుల్లోనూ ఆ పిల్లవాడు పక్కనే ఉన్నాడు. మాట రాని పిల్లలకు మన మాటలు పట్టవని పెద్దవాళ్లకు ఒక ధీమా. పట్టవని ఎలా తెలుసు? ఒక గదిలో అమ్మ నోట తన చేతకానితనాల జాబితా, మరో గదిలో అదే నోట తన గురించి బతిమాలుకునే గొంతు వింటూ పెరిగిన పిల్లవాడు తానెవరని అనుకుంటాడు? బడి నుంచి సాయం అడగడం గురించి మనం మాట్లాడేదంతా కాగితాలు, ఫీజులు, థెరపీల గురించే. ఈ ప్రశ్న దగ్గర ఎవరూ ఆగడం లేదు. నాకు మాత్రం దీన్ని దాటి ముందుకు వెళ్లబుద్ధి కావడం లేదు.

శాతం ఊరికే పుట్టలేదని ఒప్పుకోవాలి. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది. ఆటిజం అందులో లేదు. 2016లో వచ్చి, 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. పింఛను, రిజర్వేషను లాంటివి కొద్దిమందికే అందే చోట ఏదో ఒక కొలత ఉండాలి. లేకపోతే పలుకుబడి ఉన్నవాళ్లే వరుసలో ముందుంటారు. కాబట్టి కొలతను నేను తిట్టను. అవసరం లేని చోటికి కూడా అది వచ్చి కూర్చోవడమే బాధ.

ఎందుకంటే ఈ కొత్త చట్టం నిజానికి అంత ఇరుకుగా లేదు. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు చెప్పిన 31వ సెక్షన్ 40 శాతం అడుగుతుంది. 16వ సెక్షన్ అడగదు. ప్రభుత్వ నిధులు తీసుకునేదైనా, ప్రభుత్వ గుర్తింపు మాత్రమే ఉన్నదైనా, ప్రతి బడీ వైకల్యం ఉన్న పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలని, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని అది చెబుతుంది. ఐటీ టవర్ల నీడలోని ఖరీదైన ప్రైవేటు బడికీ ఈ మాట వర్తిస్తుంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా తేటగా చెప్పింది. రాసేటప్పుడు చెయ్యి సహకరించని సివిల్స్ అభ్యర్థికి 40 శాతం సర్టిఫికెట్ లేదని యూపీఎస్సీ రాతసహాయకుణ్ణి నిరాకరించింది. సర్దుబాటు పొందడానికి శాతంతో పనిలేదని కోర్టు తీర్పునిచ్చింది.

2024 అక్టోబరులో అదే కోర్టు ఇంకా విడ్డూరమైన ఒక కేసులో తీర్పునిచ్చింది. ఎంబీబీఎస్ సీటు కోరిన విద్యార్థికి మాటకు సంబంధించిన వైకల్యం ఉంది. రిజర్వేషను కావాలంటే కనీసం 40 శాతం ఉండాలి. తీరా 40 దాటింది కాబట్టి వైద్యం చదవడానికి పనికిరాడన్నారు. శాతం చూసి గుమ్మం దగ్గరే ఆపవద్దని, ఆ మనిషి ఆ చదువు చదవగలడో లేదో చూడమని కోర్టు చెప్పింది. నానక్‌రామ్‌గూడ తల్లి రెండు గదుల్లో పడుతున్న అవస్థే అక్కడ ఒకే నిబంధనగా అచ్చయి కనిపించింది. లేమిని రుజువు చేస్తే హక్కు వస్తుంది. ఆ రుజువే అర్హతను తీసేస్తుంది.

ఈ అవస్థ ఈ ప్రాంతంలో మరింత గట్టిగా పట్టుకోవడానికి ఒక కారణం ఉందనిపిస్తుంది. ఇక్కడి అమ్మానాన్నలను కూడా ఏడాదికోసారి ఎవరో ఒకరు కొలుస్తారు. 2019లో ఇక్కడ తెరుచుకున్న అమెజాన్ భవనంలోనే దాదాపు 15 వేలమంది పనిచేయగలరు. దాని చుట్టుపక్కల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఇంకెన్ని వేలమందో. అప్రైజల్‌లో రేటింగ్ తగ్గితే నిద్ర పట్టని ఇళ్లలో, బిడ్డ గురించి కూడా అదే భాషలో మాట్లాడటం తెలియకుండానే అలవాటవుతుంది. బడిని ఒప్పించడానికీ ఆ భాషే వాడతారు. అవకాశమిస్తే వీడూ ఏదో ఒకటి సాధిస్తాడు, ఆటిజం ఉన్నవాళ్లను కంపెనీలు పిలిచి మరీ టెస్టింగ్ పనికి తీసుకుంటున్నాయి, ఐన్‌స్టీన్ కూడా ఆలస్యంగానే మాట్లాడాడట. ఈ వాదన కొన్ని తలుపులు తెరుస్తుంది. మరి ఎన్నటికీ టెస్టింగ్ పని చేయలేని పిల్లవాడి సంగతి? వాడికి బడి ఎందుకు? వాడూ మనిషే కాబట్టి, తోటిపిల్లలున్న చోట ఉండే హక్కు వాడికీ ఉంది కాబట్టి. ఇంతకు మించి కారణం వెతకాల్సి వస్తే, మన పిల్లలందరినీ ఏదో లాభం కోసమే బడికి పంపుతున్నామని ఒప్పుకున్నట్టే.

ఇక్కడికి దగ్గర్లోనే గచ్చిబౌలిలో మైక్రోసాఫ్ట్ క్యాంపస్ ఉంది. ఆ సంస్థ అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాదులో చదువుకున్నవాడే. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన తన కొడుకు గురించి ఆయన 2017లో వచ్చిన ‘హిట్ రిఫ్రెష్’లో రాశాడు. మనకే ఎందుకిలా జరిగిందని ఎంతోకాలం కుమిలిపోయాడట. భార్య అనూ మాత్రం తన దుఃఖాన్ని పక్కనపెట్టి బిడ్డను థెరపీల చుట్టూ తిప్పడం చూశాక, జరిగింది తనకు కాదు, కొడుక్కని తెలిసివచ్చిందట. నాకేమైంది అనే చోటు నుంచి వీడికేం కావాలి అనే చోటికి రావడానికి ఒక తండ్రికే అంతకాలం పడితే, ఒక వ్యవస్థకు ఎంత పట్టాలి? బడి ఇంకా మొదటి చోటే నిలబడి ఉంది. వీణ్ణి చేర్చుకుంటే మా రిజల్ట్ ఏమవుతుంది, మిగతా తల్లిదండ్రులు ఏమంటారు అనేవే దాని మొదటి ప్రశ్నలు.

వీడికేం కావాలని అడిగితే రెండు రుజువులూ అక్కర్లేదు. జవాబులు కూడా చాలావరకు చిన్నవే. చప్పుడు తక్కువ ఉండే మూల, బొమ్మల కార్డులు, పరీక్షలో కొంచెం ఎక్కువ సమయం, గందరగోళం మొదలైనప్పుడు పది నిమిషాలు బయట కూర్చోనివ్వడం. ‘రైలుబడి’గా తెలుగులోకి వచ్చిన తొత్తోచాన్ పుస్తకంలో హెడ్మాస్టర్ కొబయాషి ఒక పని చేస్తాడు. కాళ్లూ చేతులూ ఎదగని తకహాషి అనే పిల్లవాడు కూడా గెలవగలిగేలా బడి ఆటల పోటీలను తానే తయారుచేస్తాడు. తకహాషి అన్నింట్లో మొదటివాడవుతాడు. ఇది మిగతా పిల్లలకు అన్యాయం కాదా అని ఎవరైనా అడగొచ్చు. మామూలు పరుగుపందెం కూడా పొడుగుకాళ్లవాళ్లకు అనువుగా ఎవరో తయారుచేసిందే. ఎవరు చేశారో మనకు గుర్తులేదు, అందుకే అది న్యాయంగా కనిపిస్తుంది.

టీచరును ముద్దాయిగా నిలబెట్టడం నాకిష్టం లేదు. నలభైమంది ఉన్న క్లాసులో ఒక్కరే అన్నీ చేయాలంటే ఎవరి వల్లా కాదు. అందుకే ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులోనే చెప్పింది. 2025 మార్చిలో మళ్లీ, ఆ పోస్టులు మంజూరు చేసి నోటిఫై చేయండని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. ఈలోగా ప్రైవేటు బడుల్లో ఆ భారం, బిడ్డ వెంట ఉండే ‘షాడో టీచర్’ పేరుతో తల్లిదండ్రుల జేబు మీద పడుతోంది. జీతం వాళ్లే ఇచ్చుకోవాలి, మనిషిని వాళ్లే వెతుక్కోవాలి. ఆ మనిషి రాని రోజు బిడ్డను బడికి పంపొద్దనే చోట్లూ ఉన్నాయి. బిడ్డ బడిలో చేరాడని అప్పుడు అనగలమా? ప్రభుత్వ బడుల వైపు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, రిసోర్స్ పర్సన్లున్నారు. మాటకూ నడకకూ సాయం అందే చోటు ఊరికి దగ్గర్లో ఉండటం చిన్న విషయం కాదు. కాకపోతే ఆ సాయం క్లాసు గదిలోకి కూడా రావాలి.

ఇంతవరకు రెండు రుజువులున్న పిల్లల గురించే మాట్లాడుకున్నాం. అసలు ఒక్క కాగితమూ లేని పిల్లలు ఇదే నానక్‌రామ్‌గూడలో ఉన్నారు. ఈ టవర్లు కట్టడానికి ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండేవాళ్ల పిల్లలు. 2016 డిసెంబరులో ఇక్కడ కడుతుండగానే ఏడంతస్తుల భవనం కూలినప్పుడు విజయనగరం జిల్లా కూలీలు చనిపోయారని చదివాకే, వాళ్లు ఇక్కడ కుటుంబాలతో ఉంటున్నారని నగరంలో చాలామందికి తెలిసింది. ఆ షెడ్లలో నడక రాని పిల్లో, వినపడని పిల్లవాడో ఉంటే, వాళ్ల అమ్మ ఒకరోజు కూలి వదులుకుని ఏ బోర్డు ముందు కూర్చుంటుంది? పని అయిపోగానే మరో సైటుకు మారాల్సిన మనిషి సర్టిఫికెట్ వచ్చేదాకా ఎక్కడ ఆగుతుంది? వైకల్యం ఉన్న పిల్లల్ని గుర్తించడానికి అయిదేళ్లకోసారి సర్వే చేయాలని 2016 చట్టం చెప్పింది. కానీ అది బడికి వెళ్లే పిల్లల సర్వే. బడి గడప తొక్కని పిల్లవాడు ఆ లెక్కలోకి రాడు.

అయితే 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్‌లో దీనికి జవాబుంది. తన పరిధిలోని పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాలు రాసిపెట్టడం, వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించడం స్థానిక సంస్థ విధి. అంటే రిజిస్టరు పట్టుకుని షెడ్ల మధ్య నడవాల్సింది ఆ సంస్థ ఉద్యోగి. ఆ తల్లి ఏ గదికీ వెళ్లి దేన్నీ రుజువు చేయనక్కర్లేదు. ఆ ఉద్యోగే ఆమె గుమ్మం ముందు ఆగి, పిల్లవాడి పేరు, వయసు రాసుకుని, వాడికేం కావాలో అడగాలి.