ముందు ఎవర్ని తీస్తావో చెప్పు

కొత్త ఫోన్ కొనాలని ఉందా? కొనుక్కో నాన్నా, వద్దంటానా? కానీ ఈమధ్య నీ వరస చూస్తూనే ఉన్నాను. కంచం ముందు కూర్చుని ఎడమచేత్తో వీడియోలు తిప్పుతుంటావు. దీన్లో 50 మెగాపిక్సెళ్లట, దాన్లో 200 అట, ఐఫోన్ మేలా శామ్‌సంగ్ మేలా, ఈ గొడవంతా ఎందుకు, ఏకంగా కెమెరానే కొనేస్తే పోదా... చారు చల్లారిపోతోంది గానీ నీ లెక్క తేలట్లేదు. నేనడిగేది ఒక్కటే. ఎవర్ని తీస్తావు? ఎక్కడ తీస్తావు? దానికి మాత్రం నీ దగ్గర జవాబు లేదు.

పోల్చి చూసుకోవడం తప్పని ఎవరన్నారు? రూపాయి పెట్టేవాళ్లు నాలుగు చోట్ల చూడాల్సిందే. కాకపోతే నువ్వు అంకెకీ అంకెకీ పోటీ పెడుతున్నావు. ఆ పోటీ కొత్తదేం కాదు. 2007లో మొదటి ఐఫోన్ వచ్చినప్పుడు దాని కెమెరా 2 మెగాపిక్సెళ్లే. ఫ్లాష్ లేదు, వీడియో తీయడం రాదు. అదే ఏడాది బజార్లో ఉన్న నోకియా ఎన్95కి 5 మెగాపిక్సెళ్లు, కార్ల్ జైస్ లెన్సు, ఫ్లాష్, వీడియో అన్నీ ఉన్నాయి. కాగితం మీద నోకియాదే గెలుపు. కానీ జనం ఏ ఫోన్ వెంట పడ్డారో నీకు తెలుసు. తీసిన బొమ్మని వేలితో జరిపి చూడ్డం, రెండు వేళ్లతో పెద్దది చేసుకోవడం ఎంత సులువో చూశారు, అటు వెళ్లిపోయారు. 2012లో నోకియా 808 ప్యూర్‌వ్యూ అని 41 మెగాపిక్సెళ్ల ఫోన్ తెచ్చింది. బొమ్మలు నిజంగా బాగానే వచ్చేవి, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా రెండేళ్లు తిరిగేసరికి ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది, మన పక్కనే శ్రీపెరుంబుదూరులో ఉన్న ఫ్యాక్టరీ మూతపడింది. అంత పెద్ద అంకె వాళ్లనే నిలబెట్టలేదు, నీ ఫోటోల్ని నిలబెడుతుందా?

అయినా ఆ 200 సంగతి విను. మామూలుగా ఫోటో తీస్తే ఆ ఫోన్లు పదహారేసి చుక్కల్ని ఒక్కటిగా కలిపేసి, చివరికి 12 మెగాపిక్సెళ్ల బొమ్మే నీ చేతిలో పెడతాయి. అసలు సంగతంతా వెలుతురులో ఉంది. చూరు కింద చెంబు పెడితే చెంబెడు నీళ్లే పడతాయి, గంగాళం పెడితే గంగాళమెడు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో వెలుతురు పడే సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. ఫోన్లలో చాలావాటికి అది 10 మిల్లీమీటర్ల పొడవు కూడా ఉండదు. పట్టపగలు ఆరుబయట ఈ తేడా నీకు కనపడదు. చీకటి పడ్డాక కనపడుతుంది.

ఆ లోటు పూడ్చుకోవడానికి ఫోన్ ఓ తెలివైన పని చేస్తుంది. నువ్వు ఒక్కసారి నొక్కితే అది గబగబా అయిదారు తీసేసి, వాటిని కలిపి ఒకటి చేస్తుంది. కదలకుండా నిలబడ్డ గోపురానికీ దీపాల వరసకీ అది బ్రహ్మాండంగా కుదురుతుంది. కానీ మీ అక్క కూతురు స్కూల్ యానివర్సరీలో స్టేజీ మీద గెంతుతుంటే? పిల్ల మొహం బాగానే వస్తుంది, చేతులు మాత్రం పొగలా చెదిరిపోతాయి. అందుకే అడుగుతున్నాను, ఎవర్ని తీస్తావని.

పోర్ట్రెయిట్ మోడ్ చూసి మురిసిపోతున్నావు కదా, ఓసారి వేళ్లతో పెద్దది చేసి చూడు. మీ అమ్మమ్మ చెవి దగ్గర చూడు. కళ్లజోడు కాడ సగందాకా ఉండి, మిగతా సగం వెనకున్న గోడలో కలిసిపోయి ఉంటుంది. కొప్పులోంచి లేచిన నాలుగు వెంట్రుకలు లేవు. మల్లెపూల దండలో అంచున ఉన్న పూలు సగం సగం. ఏది మనిషి, ఏది గోడ అని ఫోన్ లెక్కగట్టి మసక పూసింది, ఆ లెక్క అంచుల్లో తప్పింది. దాని మీద నువ్వు బ్యూటీ ఫిల్టర్ ఒకటి పెడితే ఆవిడ మొహంలో ముడతలన్నీ పోయాయి. ముడతలు లేని అమ్మమ్మ ఎవరికి కావాలిరా?

కెమెరాలో అయితే ఆ మసక లెన్సులోంచి వస్తుంది, వెంట్రుక వెంట్రుకా నిలబడుతుంది. సరే, కెమెరానే కొంటానంటావు. కొల్లేరు వెళ్లి ఆటపాకలో గూడబాతుల్ని తీస్తావా? కొను, అంత దూరం పిట్ట ఫోన్‌కి చిక్కదు. పెళ్లిళ్లు తీసి నాలుగు డబ్బులు సంపాదిస్తావా? తప్పకుండా కొను. పుట్టినరోజులకీ తిరుపతి ప్రయాణానికీ అంటే మాత్రం ఆగు. బాడీ కొనగానే అయిపోదు. లెన్సు, కార్డు, సంచి, రెండో బ్యాటరీ. పైగా మన కోస్తా గాలికి బీరువాలో పెట్టి మర్చిపోయావో, లెన్సులో బూజు పడుతుంది. అలా పడ్డవి ఎన్ని ఇళ్లలో ఉన్నాయో! 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపిణీ అయ్యాయి. 2020కి వచ్చేసరికి కోటి కూడా లేవు. కెమెరాలు చెడ్డవైపోయి కాదు, జేబులో ఉన్నదే చేతికొస్తుంది కాబట్టి. అదే నీ విషయంలోనూ జరుగుతుంది.

ఇంకో సంగతి. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద బొమ్మలు తీశాడు. నొక్కితే ఒక పలక అయిపోయినట్టే, అందుకని ముందు చూసేవాడు, తర్వాత తీసేవాడు. నువ్వు ముందు నలభై తీస్తావు, చూడవు. చూడకుండానే పాత ఫోన్ బాలేదంటావు. వంటింట్లో నూనె చేత్తో పట్టుకున్న ఫోన్ అది. ఆ లెన్సుని మెత్తని నూలుగుడ్డతో ఓసారి తుడిచావా? దీపం చుట్టూ చారలు వస్తున్నాయని నువ్వన్న ఫోటోలకి చాలావరకు కారణం ఆ జిడ్డే.

కాబట్టి తొందరపడకు. ఈ పూట గ్యాలరీ తెరిచి పోయిన దసరా నుంచి తీసినవన్నీ చూడు. ఎన్ని పగలు తీశావు, ఎన్ని రాత్రి? మనుషులెన్ని, కాగితాలూ బిల్లులూ ఎన్ని? నిజంగా చెడిపోయినవి ఏవి, ఎందుకు చెడ్డాయి? నీకేం కావాలో అవే చెబుతాయి. అప్పుడు పోల్చు, ఎన్ని ఫోన్లయినా పోల్చు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా నెల నెలా కట్టాల్సిందే కదా. మీ నాన్న అడక్కపోయినా ఆయనకి ఆ లెక్క ఉంటుంది.

షాపులో దీపాల వెలుగుకి మురిసిపోకు, ఆ వెలుగులో ప్రతి ఫోనూ బాగానే తీస్తుంది. మెట్ల కింద చీకటి మూల చూసుకుని అక్కడ తియ్యి. నీతో వచ్చినవాణ్ణి అటూ ఇటూ నడవమని తియ్యి. పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చేట్టయితే మీ తాతయ్య ఫోటోలు ముందు రెండు చోట్లకి దింపుకో. వాట్సాప్‌లో ఉన్నాయిలే అనుకోకు, అక్కడున్నవి నలిగి చిన్నవైపోయినవి. అసలువి ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. షాపువాడు నీ కళ్లముందే దాన్ని చెరిపేస్తాడు.