ఊరికే నడవడం

కొండెక్కానని ఫోన్లో చెప్తే మా అమ్మ, "ఏం పని పడిందిరా నీకక్కడ? కట్టెలకా?" అంది. పనేం లేదమ్మా, ఊరికే నడిచానన్నాను. కాసేపు అమ్మ మాట్లాడలేదు. మా మాదిగపల్లెలో ఊరికే నడిచినోళ్లు లేరు. అమ్మ నడిచిందంతా మిరపచేలకి, నెత్తిన మోపుతో. నాన్న చెప్పులు కుట్టేవాడు. ఊరి బజార్లో మాత్రం వాటిని చేత పట్టుకునే నడిచాడు.

నేను మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ని, సర్కారు బడి పంతుల్ని. మాంచెస్టర్‌లో పనిచేసే తమ్ముడు టికెట్ పంపితే వేసవి సెలవులకి వెళ్లాను. ఓ ఆదివారం హేఫీల్డ్ అనే పల్లె నుంచి కిండర్ స్కౌట్ కొండ వైపు నడిచాం. రెండు గంటల నడక. చెట్టు లేని బీడు కొండ. మన నల్లరేగడిలా నల్లటి పీట్ నేల. అక్కడక్కడా పత్తి పగిలినట్టు తెల్లటి కాటన్ గ్రాస్.

దార్లో ఒక చిన్న గేటు. నా చెయ్యి ఆగిపోయింది. ఎవర్నడగాలా అని చుట్టూ చూశాను. ఇంకాస్త పైన ఒక ముసలి తెల్లాయన కుక్కతో ఎదురొస్తే, దారి దిగి గడ్డిలో నిలబడ్డాను. మర్యాద చేశాననుకుని ఆయన థాంక్యూ చెప్పి పోయాడు. తమ్ముడికి తెలుసు అది మర్యాద కాదని. "అన్నా, ఇక్కడ కూడానా?" అన్నాడు.

దారి మొదట్లో, బౌడెన్ బ్రిడ్జి క్వారీలో ఒక ఫలకం ఉంది. 1932 ఏప్రిల్ 24న అక్కణ్నించే సుమారు 400 మంది కొండెక్కారు. ఎక్కువమంది పని చేసుకు బతికే కుర్రాళ్లు. పిట్టల వేట కోసం భూస్వాములు కొండని మూసేసుకున్న రోజులవి. కాపలావాళ్లతో పెనుగులాట జరిగింది. ఐదుగురికి 2 నుంచి 6 నెలల జైలు పడింది. ముందు నిలిచిన బెన్నీ రోత్‌మన్‌కి అప్పటికి 20 ఏళ్లు. అలాంటి బీడు కొండల మీద తిరిగే హక్కు చట్టమైంది 2000లో.

దానికి ఐదేళ్ల ముందే, 1927 మార్చి 20న, మహద్‌లో అంబేడ్కర్ వెంట మనవాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగారు. తాగినవాళ్లని కొట్టారు. చెరువుని శుద్ధి చేశారు. రెండు పోరాటాలూ ఒకటేనని నేననను. కిండర్ మీద నేరమైంది అడుగు. మహద్‌లో నేరమైంది ఒళ్లు. అందుకే చట్టం వచ్చాక వాళ్లకి గేటు తెరుచుకుంది. మనకి 1950 నుంచి రాజ్యాంగంలో 17వ అధికరణం ఉన్నా, నా చెయ్యి ఆ గేటు దగ్గర ఆగింది.

మా ఊరికీ ఒక కొండుంది, పైన గుడుంది. మా బడి పిల్లలంతా పల్లె పిల్లలే. వాళ్లని ఆ కొండెక్కించాలని ఎన్నాళ్లుగానో నా ఆశ. కానీ నా జీతం గవర్నమెంటుది, వాళ్ల అమ్మానాన్నల కూలి ఊరి పెద్దలది. పిల్లలెక్కితే రేపు పని పోయేది నాకు కాదు. ఇంకొకరి బిడ్డల్ని ముందు పెట్టి హక్కడిగే హక్కు నాకుందా? రోత్‌మన్ తన కాళ్లతో నడిచాడు, తన జైలు తనే అనుభవించాడు.

కాబట్టి ముందు నేను, నా కూతురు. కాళ్లకి చెప్పులతో. తర్వాత పల్లెలో ఎవరొస్తామంటే వాళ్లు. ఎవరైనా ఆపి, గుడికా అనడిగితే కాదంటాం. కట్టెలకా అంటే కాదంటాం.

ఊరికే నడుస్తున్నాం అంటాం.