రాయబారానికి ముందు

రేపు పదకొండింటికి అతనితో మీటింగ్. టెస్టింగ్ సరిపోదేమోనని టీ దగ్గర నేనన్న మాటని, మేనేజర్ ముందు నేను ఒప్పుకున్న తప్పుగా చెప్పిన మనిషి. అందుకే సాయంత్రం నుంచీ నోట్స్ రాసుకుంటున్నాను: తేదీలు, మెయిళ్లు, స్క్రీన్‌షాట్లు. అతను ఇలా అంటే నేనిలా. తీరా చూస్తే అతని డైలాగులు కూడా నేనే రాసేశాను. ఇక రేపు వినడానికి మిగిలిందేముంది?

ఉద్యోగపర్వంలో కృష్ణుడు గుర్తొచ్చాడు. ప్రేమతో పెడితే తినాలి, లేదా ఆపదలో తినాలి, ఇక్కడ రెండూ లేవని దుర్యోధనుడి మొహమ్మీదే చెప్పి విదురుడింట భోంచేశాడు. సభకి సాత్యకిని వెంటబెట్టుకునే వెళ్లాడు. అయినా అక్కడ సంధి మాట నిజంగానే మాట్లాడాడు. (కుదరదని తెలిసీ వెళ్లడం నటన కాదా అని కాలేజీలో వాదించేవాణ్ణి. ఇప్పుడంత తేలిగ్గా అనలేను.) ఆయన జాగ్రత్తపడ్డాడు, తీర్పు మాత్రం ముందే రాసుకుపోలేదు. నా నోట్స్‌లో రెండూ కలిసిపోయాయి.

తేదీలు ఉంచాను. అతని డైలాగులు చెరిపేశాను. స్క్రీన్‌షాట్ల ఫోల్డర్ దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. అందులో ఒకటి, మేనేజర్ గురించి అతను నన్ను నమ్మి పంపిన మెసేజ్.